సామాజిక ఆరోగ్యంలో డిగ్రీ: చదువు ముందా, కొలువు ముందా?

నీట్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ తెలుగు ఇళ్లలో ఏటా ఒకటే తర్జనభర్జన. ఎంబీబీఎస్ సీటు రాదని తేలిపోయింది. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగా, బీఎస్సీ నర్సింగా, ఫార్మసీయా, అగ్రికల్చరా? ఈ జాబితాలోకి కొన్నేళ్లుగా మరో కోర్సు వచ్చి చేరింది. ఒక విద్యాసంస్థ దాన్ని పబ్లిక్ హెల్త్ అంటుంది, ఇంకొకటి కమ్యూనిటీ హెల్త్ అంటుంది, మరొకటి హెల్త్ అండ్ వెల్‌నెస్ అంటుంది. పేరేదైనా సారం ఒకటే. జబ్బు పడ్డవాణ్ణి బాగుచేసే విద్యను వైద్య కళాశాలకు వదిలి, ఊళ్లో, బస్తీలో, బడిలో, కార్ఖానాలో జనం జబ్బు పడకుండా చూసే విద్యను మూడు నాలుగేళ్లు నేర్పడం.

ఈ కోర్సు గురించి తల్లిదండ్రులు అడిగేవి రెండు ప్రశ్నలు. చదవదగ్గదేనా? చదివితే ఉద్యోగం వస్తుందా? ఈ రెంటికీ ఒకే జవాబు చెప్పేవాళ్లను నమ్మకూడదు. చదువుగా ఇది గట్టిది, మన రాష్ట్రాలకు అత్యవసరమైనది. కొలువుగా చూస్తే దీనికి సర్కారు లెక్కల్లో ఇంకా స్థిరమైన చోటు లేదు. ఈ రెంటి మధ్య ఇంత ఎడం ఎందుకొచ్చిందో తెలిస్తేనే ఎవరు చేరాలో, ఎవరు ఆగాలో చెప్పగలం.

ఏం నేర్పుతారు?

ఈ చదువుకు వెన్నెముక ఎపిడెమియాలజీ. జబ్బు ఎవరికి వస్తోంది, ఎక్కడ వస్తోంది, ఎప్పుడు వస్తోందని లెక్క తీసి కారణాన్ని పట్టుకునే శాస్త్రం ఇది. 1854లో లండన్‌లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో చనిపోయినవారి ఇళ్లను పటం మీద గుర్తించి, బ్రాడ్ స్ట్రీట్‌లోని నీటి పంపు దగ్గర జబ్బు మూలాన్ని పట్టుకున్నాడు. కలరా క్రిమి గురించి వైద్యలోకానికి అప్పటికింకా స్పష్టత లేదు. అయినా పంపు హ్యాండిల్ ఊడదీయించగలిగాడు.

మన దగ్గర ఒక ఊళ్లో అతిసారం వ్యాపిస్తే చేయాల్సిన పని కూడా అదే. రోగుల జాబితా రాయాలి. ఇల్లు, వయసు, వాంతులు మొదలైన రోజు, తాగిన నీరు ఎక్కడిది అన్నవన్నీ నమోదు చేయాలి. ఫలానా ట్యాంకు నీరు తాగినవాళ్లలో ఎంతమందికి వచ్చింది, తాగనివాళ్లలో ఎంతమందికి వచ్చింది అని పోల్చాలి. కుళాయి చివర నీటిలో క్లోరిన్ లీటరుకు అర మిల్లీగ్రామైనా మిగిలిందో లేదో చూడాలి. పైపు ఏ మురుగుకాల్వలోంచి పోతోందో నడిచి వెతకాలి. వీటిలో ఏ పనికీ ఎంబీబీఎస్ అక్కర్లేదు. కానీ శిక్షణ లేనివాళ్లు ఈ పని సరిగా చేయలేరు.

రెండోది బయోస్టాటిస్టిక్స్. సగటు, శాతం, రేటు, శాంపిల్ అన్న మాటలు వినడానికి చప్పగా ఉంటాయి. అయితే ఆసుపత్రి లెక్కకూ ఊరి లెక్కకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆసుపత్రికి వచ్చినవాళ్ల గురించే ఆసుపత్రి రిజిస్టరు చెబుతుంది. రానివాళ్లు ఎందరో తెలియాలంటే ఊరి మొత్తం జనాభాను లెక్కలోకి తీసుకోవాలి. శిశు మరణాల రేటును వెయ్యి సజీవ జననాలకు ఇన్ని అని కొలవడం అందుకే.

ఆపైన పోషకాహారం, తల్లీబిడ్డల ఆరోగ్యం, పర్యావరణం, పారిశుధ్యం, వృత్తి సంబంధ వ్యాధులు, మానసిక ఆరోగ్యం, ఆరోగ్య వ్యవస్థలు, వాటికి డబ్బు ఎలా వస్తుందన్న అంశాలు ఉంటాయి. మనిషి అలవాటు ఎందుకు మార్చుకుంటాడు, ఎందుకు మార్చుకోడు అన్నది మరో పెద్ద అధ్యాయం. 1986లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సు ఈ అధ్యాయానికి పునాది వేసింది. మనుషులకు మంచి చెడ్డలు బోధించి ఊరుకోకుండా, మంచిని ఎంచుకోవడం తేలికయ్యే పరిస్థితులను కల్పించాలని ఆ సదస్సు తీర్మానించింది.

వీటన్నిటినీ కలిపి పట్టేది క్షేత్ర శిక్షణ. మన దగ్గర ఈ రంగంలో అందరూ తిరగేసే పుస్తకం కె.పార్క్ రాసిన ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్. 1970లో తొలిసారి వచ్చింది, అప్పటినుంచి ఎన్నో ముద్రణలు పొందింది. దాన్ని కంఠస్థం చేస్తే పరీక్ష పాసవ్వవచ్చు. ఇంటింటి సర్వే చేయడం, గ్రామసభలో మాట్లాడటం, అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచి ఎదుగుదల చార్టులో గుర్తించడం మాత్రం పుస్తకంలో ఉండవు. క్షేత్ర శిక్షణ లేని సామాజిక ఆరోగ్య డిగ్రీకి విలువ లేదు.

మనకు అవసరం ఉందా?

అంకెలే జవాబు చెబుతాయి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐరన్ మాత్రలు ఉచితం. కౌమార వయసు బడి పిల్లలకు వారానికోసారి నీలం రంగు మాత్ర, గర్భిణులకు రోజూ ఎర్ర మాత్ర. మాత్ర ఇంటిదాకా వచ్చాక కూడా రక్తం పెరగకపోవడానికి కారణాలు ఇంట్లోనే ఉంటాయి. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని కొందరు ఆపేస్తారు. మలం నల్లగా వస్తే భయపడి ఇంకొందరు మానేస్తారు. అన్నం తినగానే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదని చాలామందికి తెలియదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది ఆడవాళ్లు తినే అలవాటు పోలేదు. డాక్టరు చీటీతో తీరే సమస్యలు కావివి. ఇంటికి వెళ్లి, కూర్చుని, వినగలిగే మనిషి కావాలి.

అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు దేశం మొత్తం మీద 21.5 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. వైద్యం అందక బాధపడే రాష్ట్రాల సమస్య ఒకటైతే, వైద్యం అవసరానికి మించి అందడం మన సమస్య. కాన్పు అంటే కోతే అన్న భయాన్ని పోగొట్టడం, ముహూర్తాల పట్టింపును తగ్గించడం, సహజ కాన్పుకు గర్భిణిని సిద్ధం చేయడం నర్సులు, మిడ్‌వైఫ్‌లు, సామాజిక ఆరోగ్య కార్యకర్తలు కలిసి చేయాల్సిన పని.

నీటి కథలు కూడా మనకు కొత్త కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్య పత్రికకెక్కింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించి దానికి నల్గొండ పేరు పెట్టింది. శాస్త్రం దొరికింది. కానీ రోజూ కొలత ప్రకారం పటిక కలిపేదెవరు, అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడ పారబోయాలి అన్న చిక్కులు ఊళ్లలో తీరలేదు. ఆ పద్ధతితో సమస్య పోలేదు, నదీ జలాలను ఇళ్లకు తేవాల్సివచ్చింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల కిడ్నీ జబ్బుకు ఇదీ కారణమని నేటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. వంశధార నీటి పథకం కూడా వచ్చింది. అయినా క్రియాటినిన్ పరీక్షతో జబ్బును ముందే పట్టడం, నొప్పి మాత్రలు ఇష్టానుసారం మింగకుండా చూడటం, ఏళ్ల తరబడి కుటుంబాల వివరాలు నమోదు చేయడం ఆసుపత్రి గోడల బయట జరగాలి. ఇప్పుడా పని ఎవరు చేస్తున్నారు? ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. ఒకరికి జీతం లేదు, పారితోషికమే. ఇంకొకరికి రిజిస్టర్లు, యాప్‌లు నింపడానికే పొద్దు చాలదు. వీళ్లకూ డాక్టరుకూ మధ్య, శాస్త్రీయంగా లెక్క తీసి, ఊరికి అర్థమయ్యేలా చెప్పగల పట్టభద్రుల మెట్టు ఒకటి ఖాళీగా ఉంది.

ఎనభై ఏళ్ల తడబాటు

ఆ మెట్టు ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో తెలియాలంటే వెనక్కి పోవాలి. స్వాతంత్ర్యానికి ముందు దేశంలో నమోదైన వైద్యులు 47,524 మంది. వాళ్లలో పట్టభద్రులు 17,654 మందే. మిగిలిన 29,870 మంది లైసెన్షియేట్లు, అంటే పాతతరం తెలుగువాళ్లు ఎల్ఎంపీ డాక్టర్లుగా ఎరిగినవాళ్లు. 1943లో ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ ఈ రెండంచెల పద్ధతికి స్వస్తి చెప్పి, దేశమంతటా ఒకే స్థాయి వైద్యుడు ఉండాలంది. ఆ వైద్యుడు సమాజాన్ని ఎరిగినవాడై ఉండాలని కూడా కోరింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచన ఆ నివేదికదే. అయితే ఆచరణలో ఎంబీబీఎస్ పట్నానికి పోయింది. పల్లెలో ఆ ఖాళీని ఆర్ఎంపీలు నింపారు. వాళ్లకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తించేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రయత్నం జరిగింది గానీ, అది వైద్య సంఘాల అభ్యంతరాల మధ్య నలిగింది.

తర్వాత రాష్ట్రాలు సొంత ప్రయోగాలు చేశాయి. ఛత్తీస్‌గఢ్ 2001లో మూడేళ్ల కోర్సు పెట్టింది. వైద్య సంఘాలు వ్యతిరేకించాయి. కోర్సు పేరు మారింది, కొన్నేళ్లకు ప్రవేశాలు ఆగిపోయాయి. అప్పటికే చదివినవాళ్లను గ్రామీణ వైద్య సహాయకులుగా ప్రాథమిక కేంద్రాల్లో నియమించారు. మామూలు జబ్బుల వైద్యంలో వీళ్ల నైపుణ్యం ఎంబీబీఎస్‌లకు తీసిపోలేదని తర్వాతి అధ్యయనంలో తేలింది. అస్సాం 2004లో చట్టం చేసి మూడేళ్ల డిప్లొమా పెట్టింది. గౌహతి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థించింది. వైద్య విద్య ప్రమాణాలు కేంద్ర చట్టం పరిధిలోనివి, రాష్ట్రం సొంతంగా అలాంటి చట్టం చేయజాలదన్నది తీర్పు సారాంశం.

కేంద్రం దారి కూడా ఇలాగే సాగింది. 2010లో గ్రామీణ వైద్యానికి మూడున్నరేళ్ల డిగ్రీ ప్రతిపాదన వచ్చింది. విమర్శలు వచ్చాక దాని రూపం మార్చి, 2013 నవంబరులో కేంద్ర మంత్రివర్గం బీఎస్సీ కమ్యూనిటీ హెల్త్ కోర్సుకు ఆమోదం తెలిపింది. కాగితం మీది ఆ ఆమోదం దేశవ్యాప్త కోర్సుగా నిలదొక్కుకోలేదు.

ఈ ప్రయత్నాలన్నిటిలో ఒకటే లోపం కనిపిస్తుంది. ప్రతిసారీ ఈ కోర్సును పల్లెకు పంపే చవక డాక్టరును తయారుచేసే కోర్సుగానే ఊహించారు. అందుకే ప్రతిసారీ చర్చంతా మందు రాయొచ్చా కూడదా అన్నదాని చుట్టూ తిరిగింది. పల్లెవాళ్లకు రెండోరకం వైద్యమా అన్న నిరసనకు జవాబు దొరకలేదు. జబ్బుల నివారణే సొంత రంగంగా, మందుచీటీ జోలికి పోని ఒక వృత్తిని నిర్మించే ఆలోచన ఎప్పుడూ పక్కకే జరిగింది.

2018 తర్వాత తెరిచిన తలుపులు

2017 జాతీయ ఆరోగ్య విధానం, 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పరిస్థితిని కొంత కదిలించాయి. దేశంలో లక్షన్నర ఉప కేంద్రాలను, ప్రాథమిక కేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. వీటికే తర్వాత ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ క్లినిక్‌లు, తెలంగాణలో పల్లె దవాఖానాలు ఈ ఒరవడిలో వచ్చినవే. ఉప కేంద్రం స్థాయిలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అనే కొత్త కొలువు పుట్టింది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ పరీక్షలు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్, టెలిమెడిసిన్ ద్వారా డాక్టరుతో మాట్లాడించడం లాంటివి వీళ్ల బాధ్యతలు.

సామాజిక ఆరోగ్య డిగ్రీ చదివేవాళ్లు ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఈ కొలువుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో బీఎస్సీ కమ్యూనిటీ హెల్త్ చదివినవాళ్లకూ అర్హత ఉంది, నర్సులకూ, ఆయుర్వేద వైద్యులకూ ఉంది. ఆ డిగ్రీ ఉన్నవాళ్లు దొరకలేదు. నర్సులు దొరికారు. మొదట ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేయించారు, తర్వాత ఆ పాఠాలను బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లోనే కలిపారు. ఫలితంగా సామాజిక ఆరోగ్యం కోసం పుట్టిన కొలువు నేడు ప్రధానంగా నర్సింగ్ పట్టభద్రులది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంఎల్‌హెచ్‌పీలని పిలిచే ఈ ఆఫీసర్లంటే బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లనే అందరి లెక్క.

చట్టాలు కూడా రెండు వచ్చాయి. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చంది. వాళ్ల సంఖ్య నమోదైన వైద్యుల్లో మూడో వంతు మించకూడదని షరతు పెట్టింది. డాక్టర్ల సమ్మెకు దారితీసిన ఈ సెక్షన్ ఆచరణలో ముందుకు కదలలేదు. రెండోది 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. ఈ కోర్సు విద్యార్థికి అసలు ముఖ్యమైనది ఇదే. దీని షెడ్యూలులో పది విభాగాలున్నాయి. ఒక విభాగంలో కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్లు, హెల్త్ ఎడ్యుకేటర్లు, డయాబెటిస్ ఎడ్యుకేటర్లు, హెచ్ఐవీ కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు ఉన్నారు. అనుబంధ వృత్తి నిపుణుడిగా గుర్తింపు పొందాలంటే కనీసం 2,000 గంటల చదువు, ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడికి కనీసం 3,600 గంటల చదువు కావాలని చట్టం చెబుతోంది. కాలేజీ బ్రోచర్‌లో ఈ గంటల లెక్క ఉందో లేదో అడగడం విద్యార్థి హక్కు.

దూరవిద్య గురించి కూడా ఓ హెచ్చరిక. ఈ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపరాదని యూజీసీ 2025 విద్యాసంవత్సరం నుంచి ఆపేసింది. సైకాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ లాంటి సబ్జెక్టులు కూడా ఆ నిషేధంలో ఉన్నాయి. ఇంటి దగ్గర కూర్చుని ఆరోగ్య డిగ్రీ తెచ్చుకోవచ్చన్న ప్రకటన కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఉద్యోగాల లెక్క

ఈ డిగ్రీతో నేరుగా దొరికే పనులు ఉన్నాయి, అయితే అవి ఈ డిగ్రీకే కేటాయించినవి కావు. క్షయ నిర్మూలన కార్యక్రమంలో సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఏదైనా డిగ్రీ లేదా శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సు, కంప్యూటర్ సర్టిఫికెట్, ద్విచక్ర వాహన లైసెన్సు అడుగుతారు. సామాజిక ఆరోగ్యం చదివినవాళ్లు ఆ పని మిగతావాళ్లకంటే బాగా చేస్తారు. కానీ దరఖాస్తులో వాళ్లకు ప్రత్యేక మార్కులేవీ లేవు. హెచ్ఐవీ కౌన్సెలర్ పోస్టుల్లో సైకాలజీ, సోషల్ వర్క్, సోషియాలజీ చదివినవాళ్ల వైపు మొగ్గు. జిల్లా ఎపిడెమియాలజిస్టు, పబ్లిక్ హెల్త్ మేనేజర్ లాంటి పోస్టులకు పీజీ కావాలి. పైగా వీటిలో చాలావరకు జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు పోస్టులు.

స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన ప్రాజెక్టులు, కంపెనీల సీఎస్ఆర్ కార్యక్రమాలు, ఆరోగ్య బీమా, ఉద్యోగుల వెల్‌నెస్ కార్యక్రమాలు, క్లినికల్ రీసెర్చ్ సంస్థలు ప్రైవేటు దారులు. వీటిలో మొదటి దారి ఈమధ్య ఇరుకైంది. క్షయ, హెచ్ఐవీ రంగాల్లో ఎన్నో ప్రాజెక్టులకు నిధులిచ్చిన అమెరికా సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులైలో మూతపడింది. విదేశీ నిధుల మీద నడిచే ఉద్యోగం ఎంత అస్థిరమో అది చూపించింది. డిగ్రీ ఉంటే చాలనే గ్రూప్స్, సివిల్స్ లాంటి పరీక్షలకు ఈ డిగ్రీ కూడా పనికొస్తుంది, అది ఏ డిగ్రీకైనా ఉన్న సదుపాయమే.

ఈ రంగంలో ఎదగాలంటే మలిమెట్టు ఎంపీహెచ్, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. దేశంలో మొదటి ఎంపీహెచ్ కోర్సు 1997లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మీనన్ కేంద్రంలో మొదలైంది. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ ఈ కోర్సు ఉంది. జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది. ఒక చేదు నిజం ఇక్కడే ఉంది. చాలా చోట్ల ఎంపీహెచ్‌లో డెంటిస్టులు, ఆయుష్ వైద్యులు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, సోషల్ సైన్సెస్ వాళ్లు కూడా చేరతారు. డిగ్రీలోనే పబ్లిక్ హెల్త్ చదివినవాళ్లకు సబ్జెక్టు ముందే తెలిసిన లాభం ఉంటుంది, అంతకు మించి ప్రవేశంలో ప్రత్యేక హక్కులేవీ ఉండవు. ఎంపీహెచ్ తర్వాత పోటీ కూడా చేతిలో ఇంకో వృత్తి ఉన్నవాళ్లతోనే.

పక్క దారులు

అందుకే పోల్చి చూసుకోవాలి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ ప్రధాన సబ్జెక్టు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆసుపత్రి ఉద్యోగం ఉంటుంది, గ్రామ క్లినిక్ ఉద్యోగం ఉంటుంది, విదేశాలకు దారి ఉంటుంది. ప్రజారోగ్యం మీద మనసున్నవాళ్లకు ఇప్పటి పరిస్థితుల్లో ఇది అన్నిటికంటే భద్రమైన దారి.

రెండోది ఒకప్పటి హోంసైన్స్, ఇప్పటి కమ్యూనిటీ సైన్స్. గుంటూరులో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సైఫాబాద్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపే నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీలో పోషకాహారం, శిశు వికాసం, విస్తరణ విద్య కలిసి ఉంటాయి. వెల్‌నెస్ పేరుతో కొత్త కోర్సులు చెబుతున్న విషయాల్లో సగం ఈ పాత చదువులో ఎప్పటినుంచో ఉన్నవే. బీఎస్‌డబ్ల్యూ, సైకాలజీ, న్యూట్రిషన్ డిగ్రీలు కూడా తర్వాత ఎంపీహెచ్‌కు దారి తీస్తాయి.

బయటి దేశాల్లో

అమెరికాలో ప్రజారోగ్యం చాలాకాలం పీజీ చదువే. 2003లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ డిగ్రీ విద్యార్థులందరికీ ప్రజారోగ్య పాఠాలు అందుబాటులో ఉండాలని సూచించింది. ఆ తర్వాత డిగ్రీ కోర్సులు బాగా పెరిగాయి. వాటికి గుర్తింపునిచ్చే సంస్థ ఉంది. హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్టు అన్న వృత్తి ఉంది, అందుకు జాతీయ స్థాయి పరీక్ష ఉంది. మన పక్కనున్న నేపాల్‌లో కూడా బ్యాచిలర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ పాతుకుపోయిన కోర్సు, ఆ పట్టభద్రులను అక్కడి వృత్తి మండలి నమోదు చేసుకుంటుంది. ఆ దేశాల్లో ఈ డిగ్రీకి నిలకడ తెచ్చింది వృత్తి గుర్తింపే. మన దగ్గర లేనిదీ అదే.

అమెరికాలో ఎంపీహెచ్ ఆలోచన ఉన్న తెలుగు విద్యార్థులు రెండు సంగతులు చూసుకోవాలి. మూడేళ్ల డిగ్రీని అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకోవు. బయోస్టాటిస్టిక్స్‌కు ఉన్న స్టెమ్ హోదా మామూలు ఎంపీహెచ్‌కు అన్నిచోట్లా ఉండదు. చదువయ్యాక అక్కడ పని చేసే గడువు దాని మీదే ఆధారపడుతుంది.

చేరే ముందు అడగాల్సినవి

కాలేజీ దత్తత తీసుకున్న ఊళ్లు, బస్తీలు ఏవి? నాలుగేళ్లలో విద్యార్థి ఎన్ని గంటలు అక్కడ గడుపుతాడు? ఏ పీహెచ్‌సీతో, ఏ వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగంతో ఒప్పందం ఉంది? చెప్పేవాళ్లలో ప్రజారోగ్యంలో పనిచేసినవాళ్లు ఎందరు? గత బ్యాచ్‌ల వాళ్లు ఎక్కడున్నారు? జవాబులు తడబడితే ఆ కాలేజీ గేటు దాటి వచ్చేయడం మంచిది.

విద్యార్థి తనను తాను కూడా ప్రశ్నించుకోవాలి. ఎండలో ఇంటింటికీ తిరగగలనా? అంకెలంటే విసుగు లేదా? తలుపు వేసేసినవాళ్ల ఇంటికి మర్నాడు మళ్లీ పోగలనా? ఉట్నూరులో గోండి, భద్రాచలంలో కోయ, సీతంపేటలో సవర మాట్లాడగల పిల్లలకు ఈ రంగంలో ఎవరికీ లేని బలం ఉంది. ఆ భాషల్లో ఆరోగ్యం గురించి చెప్పగల పట్టభద్రులు గిరిజనాభివృద్ధి సంస్థలైన ఐటీడీఏలకు ఎంతో అవసరం.

తీర్పు

మూడు మాటలు స్పష్టంగా చెప్పుకోవచ్చు. చదువు విలువైనది, సందేహం లేదు. పీజీ దాకా చదివే ఓపిక, స్తోమత ఉండి, క్షేత్ర శిక్షణ గట్టిగా ఉన్న కాలేజీ దొరికితే చేరవచ్చు. డిగ్రీ కాగానే ఉద్యోగం తప్పనిసరి అయిన కుటుంబంలోని పిల్లలు ఇప్పటికి నర్సింగ్‌ను గానీ, కమ్యూనిటీ సైన్స్‌ను గానీ ఎంచుకుని, అక్కడినుంచి ప్రజారోగ్యంలోకి రావడం మేలు.

అసలు బాధ్యత ప్రభుత్వాలది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం వారసత్వం తమిళనాడుకూ, ఆంధ్రకూ ఉమ్మడిదే. ఆ చట్టంతో పాటు ప్రత్యేక ప్రజారోగ్య సిబ్బంది వ్యవస్థను తమిళనాడు నిలబెట్టుకుంది, మనం నిలబెట్టుకోలేదు. ప్రజారోగ్య నిర్వహణ కేడర్ ఏర్పాటు చేయాలని కేంద్రం 2022లో రాష్ట్రాలకు మార్గదర్శకాలిచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కేడర్‌లో వైద్యేతర పట్టభద్రులకు మండల స్థాయిలో ఒక పోస్టు కల్పించాలి. దాని అర్హతల్లో ఈ డిగ్రీ పేరు రాయాలి. విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఉమ్మడి సిలబస్ రూపొందించాలి. ఈ మూడూ జరిగాక సీట్లు పెంచాలి. కొలువు సృష్టించకుండా కోర్సులు తెరవడమంటే ఫీజు కాలేజీకి, నష్టం విద్యార్థికి. సీట్ల ప్రకటన కంటే ముందు పోస్టుల జీవో రావాలి. అది వచ్చేదాకా తల్లిదండ్రులు బ్రోచర్ చూసి కాక, నియామక నోటిఫికేషన్లు చూసి నిర్ణయం తీసుకోవాలి.